జేసీబీ రాకముందే చేయాల్సిన పని

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది పాలమూరు వైపు ఒక చిన్న మున్సిపాలిటీ. పాత బజారులో రోడ్డు వెడల్పు చేస్తామని పదకొండు పాత ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీశారు. బజారు చివర ఉన్న నిజాం కాలంనాటి బడి బంగ్లా శిథిలావస్థలో ఉందని, దాన్ని కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కడతారని ఊళ్లో మాట. మీరు ఇరవై మంది డిగ్రీ విద్యార్థులు ఇవన్నీ నిలబడాలని కోరుకుంటున్నారు. ధర్నా చేయాలా, కోర్టుకు పోవాలా, కేసులు పడితే రేపు ఉద్యోగాలకు అడ్డమవుతాయా అని అడిగారు. ఊరి పేరు రాయలేదు, మంచి పని చేశారు. నేనూ అడగను.

నేను ప్రభుత్వ భవనాల పనులు చూసే ఇంజినీరుగా 31 ఏళ్లు చేసి, ఇప్పుడు నల్గొండలో ఉంటున్నాను. పాత భవనాలకు మరమ్మతులు చేయించాను. కొన్నింటిని కూల్చవచ్చని రాసిన కాగితాల మీద నా సంతకం కూడా ఉంది. అందుకే ఈ పని లోపల ఎలా నడుస్తుందో తెలిసి చెప్తున్నాను. ధర్నా చివరి పని. మొదటి పని కాగితం సంపాదించడం. ఈ రెండింటి మధ్య మీరు చేయాల్సింది చాలా ఉంది.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో వినండి. చాలా ఏళ్ల కింద, నేను పనిచేసే డివిజన్‌లో ఒక పట్టణంలో అచ్చం ఇలాంటి బడే ఉండేది. నల్లరాతి పునాది, రెండడుగుల మందం సున్నపు గోడలు, ముందు వరండాకు ఏడు కమాన్లు. అందులో చదువుకుని ఇంటర్, డిగ్రీకి వచ్చిన పిల్లలే దాని కోసం లేచారు. నాలుగు రోజులు రిలే దీక్షలు చేశారు. పేపర్లో ఫోటోలు వచ్చాయి, బజారు షాపులవాళ్లు టీలు పంపించారు. ఐదో రోజు అధికారులు వచ్చి, మళ్లీ పరిశీలిస్తామని నోటిమాట చెప్పి, నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేశారు. ఆ మాట రాసివ్వమని ఎవరూ అడగలేదు. అడగండని చెప్పాల్సిన నేను ఉద్యోగంలో ఉన్నానని ఊరుకున్నాను. అది ఇప్పటికీ బాధ పెడుతుంది.

మూడు వారాల తర్వాత, రెండో శనివారం తెల్లారి ఐదున్నరకు జేసీబీ వచ్చింది. శని, ఆదివారాలు ఏ ఆఫీసూ తెరిచి ఉండదు, కోర్టు ఉండదు. పిల్లలు పరుగెత్తుకొచ్చేసరికి రెండు కమాన్లు పడిపోయాయి. అయితే శిథిలమని రాసిన ఆ గోడలు పడగొట్టడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజే బకెట్ పన్ను ఒకటి విరిగి డ్రైవర్ పని ఆపేశాడు. కిందపడిన గోడ ముక్క ఒకటి నేను చేతిలోకి తీసుకుని చూశాను. రాయి రెండుగా పగిలింది గానీ రాయికీ సున్నానికీ మధ్య అతుకు విడిపోలేదు. ఆ పిల్లల దగ్గర ఆ భవనం గురించి ఒక్క కాగితం ఉన్నా శుక్రవారం సాయంత్రానికే ఏదో ఒక తలుపు తట్టి ఉండేవాళ్లు.

కాబట్టి ఈ వారమే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 2005 చట్టం ఇది. పట్టణ, జిల్లా స్థాయి ఆఫీసులకు 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, సగమే ఇచ్చినా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. "బడి ఎందుకు కూలుస్తున్నారు?" అని అడిగితే ఏదో ఒక వాక్యం రాసి పంపిస్తారు. కారణం అడగకండి, కాగితం అడగండి. బడి శిథిలావస్థలో ఉందని ఇచ్చిన సర్టిఫికెట్ నకలు కావాలి. దాని తేదీ, ఇచ్చిన ఇంజినీరు హోదా, చేసిన పరీక్షల వివరాలు కావాలి. ఆ భవనం, ఆ జాగా రికార్డుల్లో ఏ శాఖ పేరున ఉన్నాయో కావాలి. పాత బజారు రోడ్డుకు మాస్టర్ ప్లాన్‌లో ఎన్ని అడుగుల వెడల్పు చూపించారో ఆ షీటు నకలు, కౌన్సిల్ తీర్మానం నకలు కావాలి. చివరగా, ఫైలును స్వయంగా చూసే అవకాశం ఇవ్వమని ఒక వాక్యం కలపండి. ఆ హక్కు చట్టంలోనే ఉంది, చాలామంది వాడుకోరు. ఫైలు ముందు అరగంట కూర్చుంటే నకళ్లలో రాని విషయాలు కూడా తెలుస్తాయి.

జాగా ఎవరి పేరున ఉందన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. పాత బళ్ల విషయంలో నేల ఒక శాఖది, కట్టడం ఇంకో శాఖది, కూల్చుతామనేది మూడో ఆఫీసు అయిన సందర్భాలు నేను చూశాను. అలాంటప్పుడు ఒక శాఖ రాసిన ఉత్తరం ఒక్కటి చాలు, పని నెలల తరబడి ఆగిపోతుంది. ప్రభుత్వ భవనం కూల్చే ముందు అందులోని టేకు దూలాలు, దర్వాజలు, ఇనుప గడ్డర్ల విలువ కట్టి వేలం వేయాలి. ఆ అంచనా వేశారా అని కూడా అడగండి. పాత భవనంలో కలప విలువ ఊళ్లోవాళ్లు అనుకునేదానికంటే ఎక్కువ ఉంటుంది.

ఇక బడి దగ్గరికి వెళ్దాం. నేను నేరుగా మాట్లాడగలిగిన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక చూడండి, చాలావరకు రెండు పేరాలే ఉంటాయి: కంటితో పరిశీలించాం, గోడలకు పగుళ్లు ఉన్నాయి, గిలాబు (గోడ పైపూత) రాలుతోంది, వాడకానికి పనికిరాదు. పగులు ఉందంటే గోడ కూలుతుందని కాదు. కొన్ని పగుళ్లు కట్టిన పదేళ్లకే వచ్చి, ఆ తర్వాత యాభై ఏళ్లు కదలకుండా ఉంటాయి. కొన్ని ప్రతి వానాకాలం ఇంత ఇంత పెరుగుతాయి. ఏది ఎలాంటిదో తేల్చడానికి పెద్ద యంత్రాలేం అవసరం లేదు. అద్దాల షాపులో పలుచటి గాజు ముక్కలు అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడవున పట్టీలుగా కోయించుకోండి. పగులుకు అడ్డంగా పట్టీ పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో గట్టిగా అతికించండి. కింద గిలాబు బోలుగా ఉంటే ఆ చోట కొంచెం గీకి, గట్టి రాతి మీదే అతికించండి. పట్టీ మీద మార్కర్‌తో తేదీ, నంబరు రాసి ఫోటో తీయండి. గోడ కదిలితే గాజు పటుక్కున పగులుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక ముసలి మేస్త్రి నాకు నేర్పిన పద్ధతి ఇది. ఒక వానాకాలం దాటాక కూడా పట్టీలు చెక్కుచెదరకుండా ఉంటే, ఆ ఫోటోల వరుస రెండు పేరాల సర్టిఫికెట్ కంటే బలమైన సాక్ష్యం. బడి ప్రభుత్వానిది కాబట్టి ముందు హెడ్‌మాస్టర్‌కో, ఎవరి చేతిలో ఉంటే వాళ్లకో ఉత్తరం ఇచ్చి ఒప్పుకోలు తీసుకున్నాకే లోపలికి వెళ్లండి.

గిలాబు రాలడం గురించి కూడా చెప్పాలి. ఆ కాలం గోడలు డంగు సున్నంతో కట్టినవి. గానుగ తొట్టిలో సున్నం, ఇసుక వేసి ఎడ్లతో రాతి చక్రం తిప్పించి వెన్నలా నూరేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. ఆ గోడ నేలలోంచి తేమ పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. వందేళ్లు అలాగే బతికింది. ఆ తర్వాత ఎవరో మరమ్మతు పేరుతో మీద సిమెంటు గిలాబు వేస్తారు. లోపలి తేమకు బయటికి దారి ఉండదు. గోడ అడుగున మూడు నాలుగు అడుగుల దాకా చెమ్మ పట్టి, లోపలి సున్నం మెత్తబడి, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. చూసినవాళ్లు గోడ పాడైందంటారు. పాడైంది పైన వేసిన సిమెంటు పొర. మీ బడి గోడను వేలితో తట్టి చూడండి. బోలుగా డబ్‌డబ్ మని మోగిన చోట ఒక పెచ్చు లేచిపోయి ఉంటే, వెనకాల ఉన్నది సిమెంటా సున్నమా, రాయి గట్టిగా ఉందా లేదా తెలిసిపోతుంది.

నిజంగా భయపడాల్సింది పైకప్పుకు. మీరు పంపిన వివరం ప్రకారం ఇనుప గడ్డర్ల మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమాన్లు తిప్పి వేసిన కప్పు అది. గడ్డరు నడుమ బాగానే కనిపిస్తుంది. తుప్పు పట్టేది గోడలోకి దూరిన చివర దగ్గర. అక్కడ ఇటుక ఉబ్బిందా, తుప్పు మరక కారిందా చూడండి. ఉంటే ఆ కప్పు కిందికి ఒక్కరు కూడా పోవద్దు. తాళం వేయమని మీరే రాతపూర్వకంగా అడగండి. భవనం మీద ప్రేమతో ఉన్న ప్రమాదాన్ని దాచకూడదు. "ఈ రెండు గదుల కప్పు మార్చాలి, మిగతా తొమ్మిది గదులు బాగున్నాయి" అని చెప్పేవాళ్ల మాట అధికారులు వింటారు. అంతా బాగుందని వాదిస్తే ఒక్క పెచ్చు ఊడిపడిన రోజు మీ మాటకు విలువ పోతుంది.

ఈ పరిశీలనకు ఇంజినీరు సంతకం కావాలి. ప్రతి పట్టణంలో నాలాంటి రిటైరైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉంది. అక్కడి విద్యార్థులకు పాత భవనాలు కొలిచి డ్రాయింగులు గీయడం చదువులో భాగమే. ఒక మాస్టారును పట్టుకుని మీ బజారును పిల్లలకు పనిగా ఇవ్వమని అడగండి. 1984 నుంచి పాత కట్టడాలను కాపాడే పనిలో ఉన్న ఇంటాక్ సంస్థకు కూడా రాయండి.

ఇక పదకొండు ఇళ్లు. ఇక్కడ మీరు తప్పు చేసే అవకాశం ఎక్కువ. బడి అందరిది, ఇల్లు మాత్రం ఇంటివాళ్లది. వాళ్లతో మాట్లాడకుండా "మా వారసత్వం కాపాడండి" అని బ్యానర్ కట్టారంటే మొదట కోపగించుకునేది వాళ్లే. దేవరకొండ వైపు ఒక ఊళ్లో కొందరు పిల్లలతో కలిసి నేను ఒక భవంతి ఇంటికి వెళ్లాను. నడిమిట్ల వాకిలి, చుట్టూ చెక్కిన టేకు స్తంభాలు, గూన పెంకుల కప్పు. పిల్లలు ఫోటోలు తీస్తూ మురిసిపోతున్నారు. ఆ ఇంటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని కాసేపు చూసి, "మీరు ఫోటోలు తీస్కోని పోతరు బిడ్డా, వానొస్తే గిన్నెలు పెట్టేది నేను" అన్నది. లోపలికి తీసుకుపోయి చూపించింది. పడకగదిలో ఐదు చోట్ల సత్తు గిన్నెలు, ఒక బకెట్. కోతులు ఎక్కి పెంకులు పగలగొట్టాయి. పెంకులు సర్దే మనిషి ఊళ్లో దొరకడం లేదు. కొడుకులు హైదరాబాద్‌లో ఉంటారు, కూల్చి డాబా వేద్దామని ప్రతి పండక్కీ అంటారు.

ఆ పిల్లలు ఆరోజు ఫోన్లు జేబులో పెట్టుకుని పెంకులు నేయగలిగిన మనిషి కోసం నాలుగు ఊళ్లు తిరిగారు. అరవై దాటిన ఒకాయన దొరికాడు. కూలి ఆమే ఇచ్చుకుంది. పిల్లలు కింద నిలబడి పెంకులు అందించారు, ఎలా నేయాలో ఇద్దరు ఆయన దగ్గర నేర్చుకున్నారు. మూడు రోజుల పని. మరుసటి వానాకాలం కొడుకులు వచ్చి డాబా మాట ఎత్తితే, "ఇల్లు కురుస్తలేదు గదా" అన్నదట ఆమె. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ ఇంటి గురించి ఎవరూ ఒక్క నినాదం కూడా ఇవ్వలేదు.

మీరు కూడా ఇంటికి ఇద్దరు చొప్పున వెళ్లండి. ఒక ఇంటికి ఒక పేజీ రాయండి. ఎవరు కట్టారు, ఏ ఏడు, ఏ మేస్త్రి, రాయి ఎక్కడిది, ఇప్పుడు ఎవరుంటున్నారు, వాళ్లకేం కావాలి. చివరి ప్రశ్నే ముఖ్యం. కొందరికి నష్టపరిహారం కావాలి, అది తప్పు కాదు. అలాంటివాళ్లకు 2013 భూసేకరణ చట్టం గురించి చెప్పండి. భూసేకరణ చేస్తే నేలకూ కట్టడానికీ విలువ కట్టి, దాని మీద 100 శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, కలపాలని ఆ చట్టంలో ఉంది. ఖాళీ ఒప్పుకోలు కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దని చెప్పండి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతల మీద తీర్పు ఇచ్చింది. రోడ్డు మీదికో, ఇతర బహిరంగ స్థలంలోకో వచ్చిన అక్రమ కట్టడాలు, కోర్టే కూల్చమన్నవి మినహాయిస్తే, నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు లేకుండా కూల్చకూడదు. గోడ మీద ఎర్ర గీత నోటీసు కాదు. ఇది ఇంటివాళ్లకు తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, మీ మీద నమ్మకం కూడా కుదురుతుంది.

ఆ పదకొండింటిలో ఒకటి పాత దొర గడి, అంటే దొర ఉన్న కోటలాంటి ఇల్లు, అని రాశారు. దాన్ని కూడా కాపాడమంటే కొందరు పెద్దవాళ్లు తిట్టారని, మీకు ఏం చెప్పాలో తెలియలేదని రాశారు. వాళ్లు తిట్టడంలో న్యాయం ఉంది. 1946 జూలై 4న తెలంగాణ సాయుధ పోరాట తొలి అమరుడు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి అప్పట్లో మా నల్గొండ జిల్లాలోనే ఉండేది. వెట్టి చేసిన ఇళ్లలో గడి అంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అలాంటి మనిషి ముందు నిలబడి కమాన్ల అందం గురించి మాట్లాడకండి. వినండి, రాసుకోండి. ఆ గడి గోడకు రాయి మోసింది ఎవరి తాత, కూలి ఇచ్చారా లేదా, లోపలికి ఎవరిని రానిచ్చేవాళ్లు కాదు. గడిని నిలపాలంటే ఈ మాటలు కూడా దాని గోడ మీద రాసి ఉండాలి. నా వరకు నేను గడులు నిలవాలనే అంటాను. గడి కూలిపోతే వెట్టి జరిగిందనడానికి మిగిలిన ఆ కొద్ది సాక్ష్యం కూడా పోతుంది. ఒప్పుకోనివాళ్లుంటే వాదించకుండా వదిలేయండి. బడి కోసం వాళ్లు మీతోనే ఉంటారు. వాళ్ల పిల్లలు మొదటిసారి పలక పట్టింది అక్కడే.

చట్టం సంగతి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. అలంపురం నవబ్రహ్మ ఆలయాల చుట్టుపక్కలవాళ్లకు ఇది బాగా తెలుసు. మీ బజారుకు అలాంటి రక్షణ లేదు. హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్ ఎలా నిలిచిందో చూడండి. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది, శంకుస్థాపన కూడా జరిగింది. కోర్టుకు వెళ్లినవాళ్లలో ఆర్కిటెక్చర్ విద్యార్థులు కూడా ఉన్నారు. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. అయితే ఆ భవనం అంతకుముందే హైదరాబాద్ వారసత్వ భవనాల జాబితాలో ఉంది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) అనుమతి తీసుకోకుండా నిర్ణయం చేశారని కోర్టు తప్పుపట్టింది. వాళ్ల చేతిలో జాబితా ఉంది, మీ చేతిలో లేదు. మన జిల్లాల పట్టణాల్లో గుళ్లు, కోటలు తప్ప పాత ఇళ్లు, బళ్లు దాదాపు ఏ జాబితాలోకీ ఎక్కలేదు. అందుకే ఉత్త చేతులతో కోర్టుకు పోకండి.

జాబితాలోకి ఎక్కించే దారి మాత్రం ఉంది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. గుళ్లు, కోటలే కాకుండా భవనాలు, పాత వాడలు కూడా దాని పరిధిలోకి వస్తాయి, జిల్లా స్థాయి కమిటీల ప్రస్తావన కూడా ఉంది. మీ పదకొండు పేజీలు, బడి డ్రాయింగు, ఫోటోలు కలిపి ఒక ఫైలు చేసి, ఆ చట్టం కింద బడినీ బజారునూ గుర్తించాలని కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వండి, నకలు హెరిటేజ్ శాఖకు పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే రసీదు నంబరు ఇస్తారు. ఆ నంబరు పోగొట్టుకోకండి. దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా కూల్చారంటే అప్పుడు కోర్టులో మీ మాటకు బలం వస్తుంది. లాయరు ఫీజు గురించి భయం వద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. మీలో సగం మంది అమ్మాయిలే కదా, వెళ్లి అడగండి.

కొందరు "అంత ప్రేమ ఉంటే పక్కకు జరిపి కట్టుకోండి, శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు గుళ్లే జరిపారు కదా" అంటారని రాశారు. నిజమే, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ కట్టడాలను కొండపైకి, అనుపుకు చేర్చారు. కూడవెల్లి గుడి చెక్కిన రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి పేర్చింది కాబట్టి విప్పగలిగారు. మీ బడి గోడ సున్నంలో ముంచి కట్టిన అడ్డదిడ్డం రాయి. విప్పితే చేతికొచ్చేది కుప్ప. దాన్ని ఉన్నచోటే ఉంచాలి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ పని చేసే సంగతి. కూల్చొద్దు అని మాత్రమే చెబితే, మరి ఏం చేయాలి అని అడుగుతారు. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. మన వైపు ఏ పాత భవనాలు నిలిచాయో చూడండి. వనపర్తి రాజావారి భవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. హైదరాబాద్ కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఆడపిల్లల కాలేజీ అయింది. మరమ్మతుల బాధలు అక్కడా ఉన్నాయి గానీ, రోజూ మనుషులు తిరిగే చోట కప్పు కురిస్తే అడిగేవాళ్లుంటారు. తాళం వేసిన చోట రావి మొక్క గోడలో వేరు దించుతుంది, అడిగేవాళ్లుండరు.

మీ ఊళ్లో గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు? శాఖా గ్రంథాలయంలో పొద్దున ఏడింటికే కుర్చీలు నిండిపోయి, గుడి అరుగుల మీద, చెట్ల కింద చదువుతుంటారు. మీ బడిలో బాగున్నాయని తేలిన గదులు వాళ్లకు ఇవ్వమని అడగండి. డబ్బు ఎక్కడిదంటారు. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది, దాన్ని మున్సిపాలిటీ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ మున్సిపాలిటీ గత ఐదేళ్లలో ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని ఇంకో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. బకాయి ఉంటే రీడింగ్ హాల్ మరమ్మతుకు డబ్బు అక్కడే దొరుకుతుంది. ఈ ప్రతిపాదనకు చదువుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అందరూ సంతకం పెడతారు. చరిత్ర గురించి ఒక్క మాట చెప్పకుండానే ఐదు వందల సంతకాలు వస్తాయి.

రోడ్డు విషయంలోనూ అంతే. ఒక పని దినం, ఒక సంత రోజు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా బజారు రెండు చివరలా కూర్చుని బండ్లు లెక్కపెట్టండి. బైకులు, ఆటోలు, కార్లు, లారీలు వేరు వేరుగా, గంటగంటకూ. రోడ్డుకు అడ్డంగా నిలిపి ఉంచిన బండ్లు ఎన్నో కూడా రాయండి. నేను చూసిన పాత బజార్లలో చాలాచోట్ల ఇబ్బంది ఇరుకు వల్ల కంటే పార్కింగ్ వల్లే ఎక్కువ. లారీలను ఊరి బయటి రోడ్డు మీదుగా పంపి, బజారును ఒకవైపు రాకపోకలకు మారిస్తే ఎంత తేడా వస్తుందో మీ లెక్కలే చెప్తాయి. వెడల్పు తప్పదంటే ఇల్లు మొత్తం కాకుండా ముందరి సాయబానును (వరండాను) నడకదారిగా వదలడానికి ఇంటివాళ్లు ఒప్పుకుంటారేమో అడగండి. గోడ, దర్వాజ, పైన బంగ్లా అలాగే ఉంటాయి, కింద జనం నడుస్తారు.

ఇవన్నీ చేశాక కూడా వినకపోతే ధర్నా చేయండి. అప్పుడు కూడా పద్ధతిగా. జిల్లాలో సభలకు, ఊరేగింపులకు అనుమతి తప్పనిసరి చేసే పోలీసు యాక్ట్ 30 అమల్లో ఉందేమో, గుమిగూడటాన్ని నిషేధించే పాత 144 సెక్షన్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 163 ఉత్తర్వు ఉందేమో ముందు కనుక్కోండి. రాతపూర్వకంగా అనుమతి అడగండి. భవనం లోపల కూర్చోకండి, జేసీబీ ముందు పడుకోకండి. కేసు గురించి మీ భయం సహజమైనదే. పోలీసు ఉద్యోగాలకు, ప్రభుత్వ ఉద్యోగాలకు వెరిఫికేషన్ ఉంటుంది, పెండింగ్ కేసు ఉంటే వివరణలు ఇచ్చుకుంటూ తిరగాలి. కానిస్టేబుల్ పరీక్ష రాసినవాళ్లు ముందు వరుసలో ఉండొద్దు, సర్వే పని వాళ్లకివ్వండి. ముందు వరుసలో ఆ బడిలో చదివిన పెద్దలను కూర్చోబెట్టండి. ఏ పార్టీ జెండా వద్దు. మద్దతు ఇస్తామంటే అందరినీ రమ్మనండి, మైకు మాత్రం మీ చేతిలోనే ఉండాలి. ఎవరైనా అధికారి వచ్చి హామీ ఇస్తే, తేదీ, సంతకం, స్టాంపు ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా లేవకండి. అలాగే వరుస సెలవులు వచ్చే ముందు రోజు ఎవరు ఎక్కడ కాపలా ఉండాలో ముందే అనుకోండి. రెండో శనివారం మరిచిపోకండి.

సర్టిఫికెట్ నకలు రాగానే ఫోటో తీసి నాకు పంపండి. గడ్డరు చివరల ఫోటోలు పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. గాజు పట్టీలు కనీసం పన్నెండు పెట్టండి, అందులో నాలుగు కమాన్ల మీద ఉండాలి. హెడ్‌మాస్టర్ ఒప్పుకున్న ఏ ఆదివారమైనా నేను వస్తాను. నల్గొండ నుంచి పొద్దున బస్సుకు బయల్దేరితే మధ్యాహ్నానికి మీ ఊళ్లో ఉంటాను. ఒక నిచ్చెన, టార్చి, ఇరవై మీటర్ల టేపు సిద్ధంగా పెట్టండి. సుత్తి నా దగ్గర ఉంది.